డిస్కు చెరువు, గాలి తూము

అమలాపురం

చిన్నీ,

లోడు బండి ముందు బ్రేకులకి నువ్వు గీసి పంపిన డ్రాయింగు, లెక్కల కాగితం రెండూ చూశాను నాన్నా. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ బాగా కుదిరింది. చక్రంతో పాటు తిరిగే ఆ డిస్కు దగ్గరే నాకు భయం వేసింది. నీ లెక్కంతా మన చదును రోడ్ల మీదే నడుస్తోంది.

రావులపాలెం నుంచి రాజోలు దాకా లోడు బండి తోలితే ఏ డిస్కయినా నిలబడుతుంది. ఓసారి బ్రేకు తొక్కుతారు, మళ్లీ తొక్కేలోపు గాలికి చల్లారుతుంది. అదే బండి రొయ్యల పెట్టెలు వేసుకుని మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాటు దిగాల్సొస్తే? డిస్కులో ఉన్న ఇనుము చెరువు అనుకో, దాన్ని తాకి పోయే గాలి తూము. బండిని ఒకసారి ఆపడం ఒక జల్లు, ఘాటు దిగడం ముసురు. జల్లుకి చెరువు పెద్దదైతే చాలు. ముసురుకి తూము పారాలి.

ముందు జల్లు లెక్క. లోడుతో 1,600 కిలోల బండి గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే దాదాపు 395 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ముందు చక్రాల వాటా 70 శాతం అన్నావు, సరే. ఒక్కో ముందు డిస్కుకి 138. దాన్ని నువ్వు డిస్కు మొత్తం బరువు 5 కిలోలతో భాగించి 60 డిగ్రీలు పెరుగుతుందని రాశావు. డిస్కుని చక్రానికి బిగించే మధ్య భాగం, అదే టోపీ, దాని బరువు ఇందులో కలపకూడదు. బండి ఆగే ఆ నాలుగైదు సెకన్లలో వేడి టోపీ దాకా పాకదు. ప్యాడ్లు రుద్దుకునే వలయం ఒక్కటే లెక్క. 280 బయటి వ్యాసం, 170 లోపలి వ్యాసం, 12 మిల్లీమీటర్ల మందం అంటే ఆ వలయం 3.4 కిలోలే. పెరుగుదల 88 డిగ్రీలు.

ఇప్పుడు ముసురు. 6 శాతం వాలులో 40 కిలోమీటర్ల వేగంతో 300 మీటర్ల ఎత్తు దిగడానికి ఏడున్నర నిమిషాలు పడుతుంది. ఇంజను సాయం లేకపోతే బ్రేకుల మీద సుమారు పదిన్నర కిలోవాట్లు, ఒక్కో ముందు డిస్కు మీద 3.6 పైన. మన వంటింట్లో 2 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యి ఉంది కదా, అలాంటివి దాదాపు రెండు ఒక్కో డిస్కు కింద ఆపకుండా వెలిగించినట్టు. గాలికి ఏమీ పోకపోతే నీ డిస్కు వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. గాలికి కొంత పోతుంది, నిజమే. కానీ గట్టి పలకలాంటి డిస్కుకి గాలి తగిలేది రెండు ముఖాల మీదే.

అందుకే రెండు పలకల డిస్కు గియ్యి. 9 మిల్లీమీటర్ల పలక, 8 సందు, మళ్లీ 9 పలక, మొత్తం 26. పలకల మధ్య నిలిచే రెక్కలు, అదే వేన్లతో కలిపి వలయం ఐదున్నర కిలోలు అవుతుంది, అంటే చెరువూ పెరిగింది, తూమూ పెరిగింది. తిరిగే డిస్కు మధ్యలోంచి గాలి పీల్చి అంచునుంచి విసురుతుంది, పంపు ఇంపెల్లరు లాగే. కాబట్టి మధ్యలో గాలి దూరే దారి మూసుకుపోకుండా చూడు. వేన్లు నిటారుగా ఉంచు. వంపు వేన్లకి కుడి ఎడమ డిస్కులు వేరువేరు, మెకానిక్కు తారుమారు చేస్తే గాలి తగ్గిపోతుంది.

నువ్వు పెట్టిన 36 రంధ్రాలు తీసెయ్యి. ప్రతి రంధ్రం అంచూ పగులు పుట్టే చోటు. వేడెక్కడం, చల్లారడం రోజూ జరిగే లోడు బండికి అవి వద్దు. ప్యాడు ముఖం శుభ్రంగా ఉండాలంటే లోతు తక్కువ గాట్లు నాలుగు చాలు.

లోహం గ్రే కాస్ట్ ఐరనే, అంటే పోత ఇనుమే ఉంచు. కార్బన్ 3.6 శాతం పైన ఉన్న రకం అడుగు. ఆ కార్బన్ రేకుల్లాంటి గ్రాఫైటుగా ఉంటుంది, అదే వేడిని లోపలికి మోసుకుపోతుంది. బలం కొంచెం తగ్గుతుంది, అందుకే టోపీ మెడ దగ్గర లెక్క మళ్లీ చూడు. మన ఉప్పు గాలికి తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ వైపు మొగ్గకు. బైకులకి సరే. దానిలో వేడి సగం వేగంతోనే పాకుతుంది, ఒకేచోట మచ్చలా కాలుతుంది.

ఇక నీ డ్రాయింగులో అసలు ప్రమాదం. 500 డిగ్రీలు పెరిగితే 280 మిల్లీమీటర్ల డిస్కు వ్యాసం ఒకటిన్నర మిల్లీమీటరు సాగుతుంది. టోపీ అంత వేడెక్కదు కాబట్టి సాగదు, పట్టి ఉంచుతుంది. దాంతో వలయం గొడుగులా వంగుతుంది, ప్యాడు ఒక అంచునే రుద్దుతుంది, ఆ అంచు ఇంకా కాలుతుంది. టోపీని బయటి పలకకి కాకుండా బండి వైపు ఉండే లోపలి పలకకి కలుపు. మెడ దగ్గర చుట్టూ ఒక కాలువ లాంటి కోత పెట్టు, మూలలు గుండ్రంగా ఉండాలి. వంగడం చాలావరకు తగ్గుతుంది.

పెడల్ ఒత్తిడిని కాలిపర్‌కి మోసే బ్రేకు ఫ్లూయిడ్ సంగతి నువ్వు అసలు రాయలేదు. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. డాట్ 5.1కి 260, 180. కోనసీమ తేమలో నీరు పట్టడం ఎంతసేపు? నువ్వు ఎప్పుడూ రెండో అంకెతోనే డిజైను చెయ్యి. డాట్ 4 పోసి ఏడాదికోసారి మార్చమని మాన్యువల్లో రాయి. లోహం కలిసిన సెమీ మెటాలిక్ ప్యాడు వేడికి తట్టుకుంటుంది గానీ ఆ వేడిని పిస్టన్ వైపు ఎక్కువ పంపుతుంది, వెనక షిమ్ము, అంటే పల్చటి రేకు, తప్పనిసరి.

టెస్టులో పెడల్ ఏం చెబుతుందో గమనించు. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడు కాలింది. మెత్తగా కిందికి దిగిపోతే ఫ్లూయిడ్ మరిగి ఆవిరైంది. రెండింటికీ మందు వేరు. స్టీరింగు వణికితే డిస్కు కూర్చునే హబ్బు ముఖం మీద తుప్పు గీకి, డిస్కు ఎంత ఊగుతోందో డయల్ గేజి పెట్టి చూడు. 0.05 మిల్లీమీటరు దాటకూడదు. కొత్త ప్యాడ్లని 60 కిలోమీటర్ల వేగం నుంచి 10కి పదిసార్లు, పూర్తిగా ఆపకుండా రుద్ది అలవాటు చేశాకే కొలతలు తియ్యి.

వేడి కొలవడానికి లేజరు గన్ను నమ్మకు, మెరిసే డిస్కు మీద తక్కువ చూపిస్తుంది. కె రకం థర్మోకపుల్, అంటే తాకించి వేడి కొలిచే తీగ వాడు. బయటి ప్యాడులో, డిస్కుకి దగ్గరగా ఒకటి, కాలిపర్లో ఫ్లూయిడ్ దగ్గర ఒకటి. ఘాటు దిగిన వెంటనే కాదు, బండి ఆపి పది నిమిషాలు ఉంచి రెండోది మళ్లీ చూడు. గాలి ఆగిపోయాక డిస్కులో నిల్వ ఉన్న వేడి కాలిపర్లోకి నానుతుంది, ఫ్లూయిడ్ ఎక్కువగా మరిగేది అప్పుడే.

మెడ కోత పెట్టిన డ్రాయింగు ఆదివారం లోపు పంపు. కోత లోతు, మూల గుండ్రం ఎంతో స్పష్టంగా రాయి.

అమ్మ