సెయింట్ లూయిస్‌లో మమ్మల్ని వదిలెయ్యని ఆవిడకి

ఇప్పుడే ఇంటికొచ్చి పడ్డాం, కాళ్ళు లాగేస్తున్నాయి గానీ ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు. రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సెయింట్ లూయిస్ చూపిద్దామని తీసుకెళ్తే, ముందే డబ్బు కట్టించుకున్న రెంటల్ వాళ్ళు రాత్రిపూట కౌంటర్ దగ్గర కార్లు లేవు అని చేతులెత్తేశారు. లేనప్పుడు డబ్బెందుకు తీసుకున్నట్టు? ఇక్కడ కారు లేకపోతే పెద్దవాళ్ళతో ఎటూ కదల్లేం. నాన్న ఇన్సులిన్ డబ్బాలో ఐస్ కరిగిపోతోంది, నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాను.

ఎయిర్‌పోర్ట్‌లో క్లీనింగ్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న ఒక నల్లజాతి పెద్దావిడ ఆగి, ఏమైందని అడిగి, తన వ్యాన్‌లో హోటల్‌కి దింపింది. అక్కడితో అయిపోలేదు, మర్నాడు తనకి సెలవంట, పొద్దున్నే మళ్ళీ వచ్చేసింది!

ముందు గేట్‌వే ఆర్చ్, అదే ఊళ్ళో నది ఒడ్డున ఉన్న పెద్ద స్టీలు కమాను, చూశాం. అది 630 అడుగులు, పైకెళ్ళే ట్రామ్‌లో ఒక్కో గూట్లో ఐదుగురే, తల వంచి దూరాలి, పైగా మెట్లున్నాయి, నాన్న మోకాళ్ళకి కుదరదు. ఆవిడ "నాకూ ఎత్తంటే భయమే, మీరెళ్ళండి" అని నాన్నతో కింద కూర్చుంది. పైనుంచి మిసిసిపీ చూసి అమ్మ, "ఇంతేనా, మన గోదావరిలో సగం కూడా లేదే" అనేసింది, నాకు నవ్వాగలేదు. మేం దిగేసరికి నాన్న వచ్చీరాని ఇంగ్లీషులో ఆవిడకి కాటన్ దొర గురించి చెప్తున్నారు, ఆవిడ బుద్ధిగా వింటోంది.

ద హిల్ అనే ఇటాలియన్ల పేటలో టోస్టెడ్ రావియోలీ తినాలంది ఆవిడ. అది కజ్జికాయల్లాంటి పాస్తా, మామూలుగా లోపల మాంసం పెట్టి నూనెలో వేయిస్తారు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. ఆవిడ ఒక్కో హోటల్లోకీ వెళ్ళి లోపలేముంది, సాస్‌లో ఏముంది, పిండిలో గుడ్డుందా అని అడిగొచ్చింది, ఉందని తేలితే తనూ తినకుండా అమ్మ తెచ్చిన పులిహోర మాతోపాటు తింది, చేత్తోనే. టెడ్ డ్రూస్ అనే కొట్లో ఫ్రోజెన్ కస్టర్డ్ (ఐస్‌క్రీమ్ లాంటిదే) కప్పు అక్కడి కుర్రాడు తలకిందులు చేసి చూపిస్తాడు, అంత గట్టిగా ఉంటుందని, అమ్మ గబుక్కున కింద కొంగు పట్టేసింది! అందులోనూ గుడ్డుంటుందని ఆవిడే ముందు చెప్పింది, నాన్నకి షుగరు, కాబట్టి తిన్నది నేనొక్కదాన్నే. ఫారెస్ట్ పార్కులో జూ ఫ్రీ, ఆర్ట్ మ్యూజియం కూడా ఫ్రీ. "1971లో మేం ఓటేసి వీటి కోసం పన్ను కట్టుకుంటున్నాం, హాయిగా చూడండి" అంది ఆవిడ.

పెట్రోలుకి డబ్బిస్తే తీసుకోలేదు. అమ్మ బొట్టు పెట్టి జాకెట్టు ముక్క ఇస్తే మాత్రం కళ్ళకద్దుకుంది, ఎవరు నేర్పారో మరి. అమ్మా, మీకెలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు.

మా ఆయన, చెల్లి ఫోన్ల మీద ఉండి అన్నీ చూసుకున్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో మర్చిపోయా, ఇన్సులిన్ తన ఫ్రిజ్‌లో పెట్టిన హోటల్ నైట్ డ్యూటీ అబ్బాయికి, ఆర్చ్ దగ్గర నాన్నకి కుర్చీ తెచ్చిన అమ్మాయికి కూడా థాంక్స్. గుడి దగ్గర దద్దోజనం కట్టిచ్చిన ఆంటీకి కూడా, ఆంటీ మీ డబ్బా నా దగ్గరే ఉండిపోయింది, పోస్ట్‌లో పంపుతాను. రెంటల్ డబ్బు మాత్రం ఇంకా రాలేదు.