చేరినవాళ్లు సరే, పరీక్ష రాసిందెవరు?

ఎడిటర్ గారూ,

వయోజన విద్యలో ఏ ప్రాంతం ముందుందో ర్యాంకులేస్తున్నారు గానీ అదంతా పేర్లు రాయించుకున్న లెక్కేనండి. నేను రాత్రి క్లాసు చెప్తా, మొదటి వారం 30 మంది, పనుల సీజన్ రాగానే 9 మంది మిగిలారు, రిజిస్టర్లో మాత్రం ఇప్పటికీ 30! మిగిలినవాళ్లలో ఒకావిడ పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కేదంటే పేపర్ చిరిగిపోయేది, ఇప్పుడు వేలిముద్ర వెయ్యమంటే కోపం. చదువురాని పెద్దల్లో దాదాపు మూడింట రెండొంతులు ఆడవాళ్లేనని యునెస్కో ఎప్పట్నించో చెప్తోంది, అయినా క్లాసేమో సరిగ్గా వంట టైముకే (ఎవరు పెట్టారో ఆ టైము!). ఇక స్కూలు చదువుతో సమానమైన పరీక్షంటే సెంటర్ దూరం, ఒకరోజు కూలి పోతుంది. ఈసారి చేరినవాళ్ల పక్కనే పరీక్ష రాసినవాళ్ల లెక్క కూడా వెయ్యండి.

ఒక వాలంటీర్