కాలి ఎముక ఆపరేషన్ చందా: జమా ఖర్చుల వివరణ

కొర్లగుంట, తిరుపతి

మన వీధి ఇస్త్రీ బండి అన్నకు మోకాలి కింది ఎముక విరిగి వంకరగా అతుక్కుంది. దాన్ని కోసి, నిటారుగా నిలబెట్టి, ప్లేటు వేయించడానికి వసూలు చేసిన డబ్బు లెక్క ఇది.

జమ: ఇళ్ల చందా ₹92,400. ఆటో స్టాండు వాళ్లు ఇచ్చింది ₹14,500. వినాయక చవితి నిధిలో మిగులు ₹24,350. మొత్తం ₹1,31,250.

ఖర్చు:
నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే ఎక్స్‌రే, సీటీ, రక్త పరీక్షలు ₹6,850
ఆపరేషన్, మత్తు, గది ₹52,000
టైటానియం లాకింగ్ ప్లేటు, స్క్రూలు ₹24,500
మందులు, ఇంజక్షన్లు, డ్రెస్సింగ్ ₹9,380
వాకర్, చంక కర్రలు, కమోడ్ కుర్చీ ₹4,900
ఆటోలు ₹2,650
ఫిజియోథెరపీ, 12 సార్లు ₹3,600
మొత్తం ₹1,03,880. నిల్వ ₹27,370.

గది ఖర్చులో ₹1,800 దండగైంది. ఆపరేషన్ రోజు పొద్దున టీ తాగడంతో ఒక రోజు వాయిదా పడింది. పాలు కలిసిన టీ తిండి కిందే లెక్క, ఆరు గంటలు ఆగాల్సిందే. ఉత్త నీళ్లయితే రెండు గంటల ముందు దాకా తాగనిస్తారు.

లాకింగ్ కాని మామూలు స్టీలు ప్లేటు చవక కదా అని కొందరు అడిగారు. వంకర సరిచేసినప్పుడు ఎముకలో ఒక పక్క సందు తెరుచుకుంటుంది. అందులో నడుము పక్క ఎముక నుంచి తీసిన ముక్కలు పెట్టారు. (కాలికంటే ఆ నడుము గాయమే ఎక్కువ నొప్పి పెట్టిందట.) సందు గట్టిపడేదాకా బరువు చాలావరకు ప్లేటే మోయాలి. లాకింగ్ రకంలో స్క్రూ తల ప్లేటు మరల్లోనే బిగుసుకుంటుంది కాబట్టి అంత తేలిగ్గా సడలదు. డాక్టరు అదే రాసిచ్చారు, మేం బేరం పెట్టలేదు.

ఇంజక్షన్లు పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి. పిక్క ఉన్నట్టుండి వాచినా, వేళ్లు తిమ్మిరెక్కినా, మాత్ర వేసినా నొప్పి పెరుగుతూ పోయినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లాలని ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచాం.

ఆరు వారాల ఎక్స్‌రేలో కొత్త ఎముక కనిపిస్తోంది. ఇప్పటికి ఆ పాదం మీద సగం బరువే మోపాలి. బండి దగ్గర నిలబడడానికి మరో ఆరు వారాలైనా పడుతుంది. చూడ్డానికి వెళ్లేవాళ్లు దయచేసి బీడీ ఇవ్వొద్దు, పొగతో ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

నిల్వ డబ్బు వెనక్కి పంచడం లేదు. ఇంకా ఎక్స్‌రేలున్నాయి. ప్లేటు చర్మం కింద గుచ్చుకుంటే ఏడాది, ఏడాదిన్నర తర్వాత తీయించాలి, అది మళ్లీ చిన్న ఆపరేషనే. రసీదుల ఫైలు వీధి మొదట్లోని చిల్లర అంగట్లో ఉంది, సాయంత్రం ఏడు తర్వాత ఎవరైనా చూసుకోవచ్చు.

ఇట్లు,
వీధి కమిటీ