కార్యదర్శి నివేదిక: కొయ్య బంగళాలతో మన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పండగలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే బాగా జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపారు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు బ్రిస్బేన్ కొయ్య ఇళ్ళకే ఇస్తున్నాను. ఈ ఏడాది మనవాళ్ళు కొందరు అలాంటి పాత ఇళ్ళు కొన్నారు. కొన్నాక ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో తెలియక టెన్షన్ పడ్డారు.

అందుకే ఒక సభ్యురాలి ఇంట్లోనే కలిశాం. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టిన బంగళా అది. ముందుగా ఇంటి కిందికి దూరాం. ఇల్లంతా కొయ్య స్టంపుల మీద, అంటే పొట్టి స్తంభాల మీద నిలబడి ఉంది. ఒక్కో స్టంపు తలమీద బోర్లించిన పళ్ళెంలా రేకు మూత. చెదలు ఆ రేకు అంచు చుట్టి రావాలంటే మట్టి దారి బయటికి కనిపించేలా కట్టుకోవాలి, అలా మనకి దొరికిపోతాయి. కాబట్టి ఆ మూతల్ని వంచకండి, వాటికి ఆనించి సామాన్లు పెట్టకండి. నెలకోసారి టార్చి వేసి చూడండి.

బంగళా అనే మాట బెంగాల్ నుంచే లోకమంతా తిరిగింది. కాలిఫోర్నియాలో కొత్త రూపు దిద్దుకుని, మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి ఆస్ట్రేలియా చేరింది. దక్షిణాది నగరాల్లో దాన్ని ఎక్కువగా ఇటుకతో కట్టారు. మన బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో మాత్రం వడ్రంగులు కొయ్య, రేకుల అలవాటు వదల్లేదు. అంతకు ముందరి ఇళ్ళకి చుట్టూ వరండా, పైన పిరమిడ్‌లాంటి కప్పు ఉండేవి. ఈ బంగళాలకి వీధి వైపు త్రికోణపు గోడతో వాలు కప్పు వచ్చింది, దాని ముందు ఇంకో చిన్న త్రికోణం. వరండా కుంచించుకుపోయింది. చాలా ఇళ్ళలో దానికి కిటికీలు బిగించి పడకగది చేసుకున్నారు.

ఇంత మంది సామాన్యులు ఇళ్ళు కట్టుకోవడానికి కారణం సర్కారు అప్పులు. 1909 చట్టంతో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం తక్కువ జీతగాళ్ళకి ఇంటి అప్పులిచ్చింది. 1918లో సైనికుల ఇళ్ళ కోసం కేంద్ర చట్టం వచ్చింది.

లోపల నాకు బాగా నచ్చింది గోడ. సన్నటి నిలువు పలకలు, ఒకదాని కుసి పక్కదాని గాడిలో కూర్చుంటుంది. తలుపుల పైన నగిషీ చెక్కిన జాలీ, ఒక గది గాలి ఇంకో గదికి పోవడానికి. మన మండువా లోగిలి గాలిని నడిమధ్యకి పిలుస్తుంది, ఈ ఇల్లు దాన్ని ఇటు నుంచి అటు పోనిస్తుంది. ఏసీ పెట్టించేవాళ్ళు ఆ జాలీల్ని పలకలతో మూసేయకండి, వెనక గాజు బిగించుకోండి.

ఒక పొరపాటు కూడా చెప్పాలి. నేనే ఉత్సాహంగా ఒక కిటికీ పాత రంగు గరుకు కాగితంతో గీకడం మొదలుపెట్టాను. 1970కి ముందరి ఇళ్ళ రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పసిపిల్లలకి చాలా చెడ్డది. ఇంట్లో చంటిబిడ్డ ఉంది. వెంటనే ఆపి, తడిగుడ్డతో తుడిచాం. ముందు పరీక్ష చేయించాల్సింది. మీరు తప్పకుండా చేయించండి. వరండా మూసిన పాత సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకి హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉండొచ్చు, వాటిని కోయనే వద్దు.

కూల్చి కొత్తది కట్టాలనుకునేవారికి ఒక మాట. 1946 నాటికే ఉన్న ఇల్లు సిటీ కౌన్సిల్ గుర్తించిన పాత ఇళ్ళ ప్రాంతంలో ఉంటే, కూల్చడానికి అనుమతి కావాలి. కొనక ముందే కనుక్కోండి.

వచ్చే చలికాలంలో, వానలు తగ్గాక, ఇంకో రెండు ఇళ్ళు చూద్దాం. తమ ఇల్లు చూపించడానికి ఇష్టమున్నవాళ్ళు నాకు చెప్పండి. నిచ్చెన, టార్చి సంఘం దగ్గర ఉన్నాయి.