షార్ట్ సర్క్యూట్ అని రాసి ఊరుకోకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రికకు ముప్పై ఏళ్లకు పైబడిన చందాదారుణ్ణి. ఈ వర్షాకాలం మొదలైనప్పటి నుంచి జిల్లా పేజీలోని కొన్ని వార్తలను కత్తెరతో కోసి దాచుకుంటున్నాను. ఇప్పటికి నాలుగు పోగయ్యాయి. ఒకటి కిరాణా దుకాణం తగలబడిన వార్త, ఒకటి గడ్డివాము. మూడోది ఒక ఇంట్లో ఏసీ దగ్గర మొదలైన మంట హాలంతా కాల్చేసిన సంగతి. నాలుగోది దండెం మీద తడిబట్టలు ఆరవేస్తూ ఒక గృహిణి చనిపోయిన వార్త. మొదటి మూడింటి చివర ఒకటే వాక్యం: షార్ట్ సర్క్యూట్ కారణమని ప్రాథమికంగా భావిస్తున్నారు. నాలుగో దానిలో ప్రమాదవశాత్తు విద్యుదాఘాతం. బీరువా అరల్లో పరచడానికి పేపరు తీస్తే మధ్యలో కిటికీలు కనిపిస్తున్నాయని మా ఇంట్లో గొడవ. అయినా కోయడం మానలేదు.

నేను విద్యుత్ శాఖలో 31 ఏళ్లు రిలేలు పరీక్షించే పని చేసి రిటైరయ్యాను. రిలే అంటే సబ్‌స్టేషనులో కాపలా కుక్క లాంటిది. లైనులో ఎక్కడైనా తేడా వస్తే పసిగట్టి, కరెంటు తెంచమని బ్రేకరుకు చెబుతుంది. ఆ కుక్క ముక్కు ఇంకా పనిచేస్తోందా, అరవగలదా అని చూడటమే మా ఉద్యోగం. అందుకే షార్ట్ సర్క్యూట్ కారణం అన్న మాట కంటపడితే నాకు చిరాకు. వైర్లన్నాక ఎప్పుడో ఒకప్పుడు తగులుకుంటాయి. ఎలుక కొరుకుతుంది, మేకు దిగుతుంది, పాత తొడుగు ఎండి పగులుతుంది. ఇవన్నీ జరుగుతాయని తెలిసే కదా, కరెంటు మితిమీరితే తెంచేసే ఫ్యూజులూ, తమంతట పడిపోయే ఎంసీబీ స్విచ్చులూ పెట్టుకున్నాం. మరి ఆ వేళ అవి ఏం చేస్తున్నాయి? మీ విలేకరి అడగకుండా వదిలేసిన ప్రశ్న ఇదే.

కిరాణా దుకాణం మా పక్క వీధిలోదే. మర్నాడు వెళ్లి చూశాను. మసిబారిన గోడకు వేలాడుతున్న బోర్డులో పింగాణీ ఫ్యూజు క్యారియర్ చెక్కుచెదరలేదు. ఊడదీస్తే లోపల ఫ్యూజు తీగకు బదులు మామూలు వైరులోని రాగి పోగులు పది దాకా పేని బిగించి ఉన్నాయి. 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ రెండు మూడు వెంట్రుకలంత మందం ఉంటుంది. ఇది పురికొసలా ఉంది. “కొత్త ఫ్రిజ్ పెట్టినప్పటి నుంచి ఊరికే ఎగిరిపోతోందండీ, అందుకని గట్టిది వేయించాను” అన్నాడు దుకాణదారు. ఎగిరిపోవడం ఆయన లెక్కలో ఫ్యూజు చేసిన తప్పు. సరుకంతా బూడిదైన మనిషితో వాదించబుద్ధి కాలేదు. ఆ క్యారియర్ మాత్రం అడిగి తెచ్చుకున్నాను, నా బల్ల మీదే ఉంది.

ఏసీ ఇంట్లో ఎంసీబీ ఉందని మీ వార్తలోనే ఉంది, అదెందుకు పడిపోలేదో లేదు. నా అనుమానం చెబుతాను. ఒకటిన్నర టన్ను ఏసీ 8 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. ప్లగ్గు పిన్ను వదులై, అది సాకెట్టులో తగిలే చోట ఒక్క ఓము నిరోధం చేరిందనుకోండి, అక్కడ పుట్టే వేడి 64 వాట్లు. రేడియోలు బాగుచేసేవారి సోల్డరింగ్ ఐరన్ సాధారణంగా 25 వాట్లది. అలాంటివి రెండున్నర కలిపి ప్లాస్టిక్ సాకెట్టులో గుచ్చి రాత్రంతా వదిలేసినట్టు. 16 ఆంపియర్ల ఎంసీబీకి కనిపించేది మాత్రం 8 ఆంపియర్లే. దానికి అంతా సవ్యంగానే ఉంది. తొడుగు మాడి, బొగ్గయి, చివరికి తీగలు ఒకదానికొకటి తగిలినప్పుడు వచ్చేది షార్ట్ సర్క్యూట్. అప్పటికి కర్టెను అంటుకునే ఉంటుంది. ఆ సాకెట్టు నాలుగు రోజుల ముందు నుంచే కాలిన వాసన వేస్తూ ఉండాలి, లేదా పసుపు రంగుకు తిరిగి ఉండాలి. ఇంట్లోవాళ్లను ఆ మాట అడిగి ఉంటే మీ పాఠకుల్లో సగం మంది లేచి వెళ్లి తమ సాకెట్లు చూసుకునేవారు.

దండెం సంగతి వేరు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరును ఒక ఇనుప తీగ ఆసరాతో లాగుతారు. ఎండకూ వానకూ వైరు తొడుగు చిట్లి, లోపలి తీగ ఆ ఇనుప తీగను తాకుతుంది. అది కట్టిన కొక్కేనికే చాలా ఇళ్లలో దండెం కూడా కడతారు. దండెం కూడా ఇనుప తీగే. వాన వెలిసిన నేల మీద చెప్పులు లేకుండా నిలబడి తడిచీర విసిరితే, ఒంటి నిరోధం 1500 ఓములనుకున్నా 150 మిల్లీ ఆంపియర్లు పారుతుంది. గుండె లయ తప్పడానికి అంతకన్నా తక్కువే చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది ఏనుగు మీద దోమ. ఎంసీబీ ఉన్నది వైరును కాపాడటానికి, మనిషిని కాదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటునూ తిరిగి వచ్చిన కరెంటునూ సరిచూస్తూ, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే సెకనులో మూడో వంతు లోపే తెంచేస్తుంది. దండెం దగ్గర అదీ పనికిరాదు. కరెంటు కారుతున్నది మీటరుకు బయట, ఆర్‌సీసీబీ ఉన్నది మీటరుకు ఇవతల. అక్కడ పనికొచ్చేది నైలాను తాడు, అది కూడా సర్వీసు వైరు కొక్కేనికి దూరంగా వేరే మేకులకు కట్టినది. మీ వార్తలో మృతురాలి ఫొటో వేశారు. ఈ రెండు వాక్యాలకు చోటు లేకపోయింది.

గీజరు, వాషింగ్ మెషీను, ఇనుప కూలరు మాత్రం ఆర్‌సీసీబీ కాపు కాయగలిగినవే. ఎర్తింగు ఉంది కదా, ఇంకా ఇదెందుకు అంటారు చాలామంది. నీళ్లు పోయక ఎండిపోయిన ఎర్తు గుంత నిరోధం 20 ఓములుందనుకుంటే, ఫేజు తీగ నేరుగా గీజరు ఒంటికి తగిలినా పారేది పదకొండున్నర ఆంపియర్లు. ఎంసీబీ కదలదు. గీజరు ఒళ్లంతా కరెంటు నింపుకుని, తాకేవారి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

పోయిన శ్రావణంలో మా చెల్లెలి ఇంట్లో ఆర్‌సీసీబీ రోజూ పొద్దున్నే పడిపోయేది. పిలిచిన ఎలక్ట్రీషియన్ ఐదు నిమిషాల్లో బాగుచేసి వెళ్లాడట. ఏం చేశాడమ్మా అని ఫోనులో అడిగితే, “డైరెక్ట్ చేశాడన్నయ్యా, ఇప్పుడు హాయిగా ఉంది” అంది. డైరెక్ట్ చేయడమంటే ఆర్‌సీసీబీని తప్పించి వైర్లు కలిపేయడం. తీగల తొడుగు నిరోధం కొలిచే, పిడి తిప్పే నా పాత చేతిమెగ్గరు సంచిలో వేసుకుని మర్నాడే బస్సెక్కాను.

మెయిన్ ఆపి, గీజరు ప్లగ్గు బయటికి లాగి, దాని ఫేజు, న్యూట్రల్ పిన్నులు రెండూ కలిపి మెగ్గరు ఒక కొసా, ఎర్తు పిన్నుకు ఇంకో కొసా తగిలించాను. గీజరు మీద ఉండే చిన్న స్విచ్చును వేసే ఉంచాలి, నీళ్లు చల్లగా ఉండాలి. లేకపోతే పరీక్ష ఎలిమెంటు దాకా చేరదు, అంతా బాగుందని మెగ్గరే మనకు అబద్ధం చెబుతుంది. పిడి తిప్పాను. బాగున్న వస్తువుకు ముల్లు మెగోముల (లక్షల ఓముల) వైపు లేవాలి. ఇది సున్నా దగ్గర కూర్చుని లేవనంది. ఎలిమెంటు గొట్టం పగిలి నీళ్లు లోపలికి దిగాయి. ఆర్‌సీసీబీ రోజూ పొద్దున పడిపోతూ చెప్పిన కబురు అదే. చెప్పినవాడి నోరు కట్టేసి హాయిగా ఉందనుకున్నారు.

ఊరికే పడిపోయేవీ ఉంటాయి, కాదనను. 2012 జులై 30న తెల్లవారుజామున 2.33కి మధ్యప్రదేశ్‌లో బీనా, గ్వాలియర్ మధ్య 400 కేవీ (నాలుగు లక్షల వోల్టుల) లైను ట్రిప్పయింది, అంటే రిలే చెప్పగా బ్రేకరు తెంచేసింది. లైనులో ఏ లోపమూ లేదు. మితిమీరిన లోడు, దిగజారిన వోల్టేజీ ఒకేసారి కనిపించేసరికి దూరాన ఎక్కడో తీగ తెగిందో తగిలిందో అని రిలే పొరబడింది. దాంతో ఉత్తర గ్రిడ్డు కూలిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పోయాయి. సుమారు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలకు కరెంటు లేదు. మన దక్షిణ గ్రిడ్డు అప్పటికి వాటితో ఏకతాళంలో నడవడం లేదు కాబట్టి మనకు ఆ సెగ తగల్లేదు. రాయచూరు, షోలాపూర్ లైనుతో అది కలిసింది 2013 డిసెంబరు 31న. అంత నష్టం జరిగినా రిలేలను డైరెక్ట్ చేద్దామని ఎవరూ అనలేదు. రక్షణ వ్యవస్థలన్నిటినీ బయటివారితో తనిఖీ చేయించమని విచారణ కమిటీ చెప్పింది.

బల్బు పోతే చీకటవుతుంది, ఫ్యాను పోతే చెమట పడుతుంది. కాపలా పరికరం పోతే ఏమీ కాదు, అంతా ఎప్పటిలాగే ఉంటుంది. ఉద్యోగంలో నాకు ఇది బాగా ఎక్కించింది తొంభైల్లో ఒక ఆదివారం. ఒక సబ్‌స్టేషనులో లైన్ క్లియర్ (లైను ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని పని మొదలుపెట్టాం. దసరాకు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు ప్యానెళ్ల మీద అలాగే ఉన్నాయి. రిలే అద్దం తళతళలాడుతోంది. టైము డయల్ ఒకటి మీద పెట్టి, సెట్టింగుకు (రిలే కదలడం మొదలుపెట్టాల్సిన కరెంటుకు) రెండింతల కరెంటు పంపాను. లోపలి అల్యూమినియం పళ్లెం మెల్లగా తిరిగి పది సెకన్లకు కాంటాక్టు తగలాలి. స్టాప్‌వాచీ ఇరవై దాటింది, ముప్పై దాటింది. పళ్లెం వణికిందే గానీ తిరగలేదు. మూత తీసి టార్చి వేస్తే, పళ్లెం పరుగును అదుపు చేసే అయస్కాంతానికి ఇనుప రజను మీసాల్లా పట్టి ఉంది. ఎప్పుడో కొత్త మీటరు బిగించడానికి పక్క ప్యానెలు కన్నాన్ని ఆకురాయితో పెద్దది చేశారు. ఆ రజను. టేపు ముక్కతో అద్ది అద్ది తీసేసరికి గంట పట్టింది. మళ్లీ పంపితే సరిగ్గా పది సెకన్లు. రిలే జెండా (పనిచేశానని చూపే గుర్తు) పడింది. బ్రేకరు పడలేదు! బ్రేకరును విడిపించే ట్రిప్ కాయిలుకు వెళ్లే తీగ స్క్రూ కింద వదులుగా ఉంది. కుక్క అరిచింది, యజమానికి వినపడలేదు. లాగ్ బుక్కు తిప్పితే ఆ ఫీడరు (ఆ రిలే కాపు కాసే లైను) ఎదురుగా నెలనెలా ‘ఓకే’ అని రాసి ఉంది, చక్కటి దస్తూరితో.

ఇంత చెబుతున్నవాణ్ణి నా ఇంటి సంగతి దాచకూడదు. ఈ ఉత్తరం రాస్తూ, ఆర్‌సీసీబీ మీద పరీక్ష మీట దగ్గర ఉండే అక్షరమేమిటో సరిచూసుకుందామని లేచాను. ‘టి’ అన్న ఇంగ్లిషు అక్షరం. ఆ మీట నొక్కితే పరికరం తనలోనే కాస్త తేడా పుట్టించుకుని టక్కున పడిపోవాలి. నొక్కాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. గట్టిగా నొక్కాను. ఊహూఁ. పెట్టించి తొమ్మిదేళ్లయింది, ఒక్కసారి నొక్కిన జ్ఞాపకం లేదు. “ఊళ్లో రిలేలన్నీ చూసొచ్చారుగా” అంది మా ఆవిడ వంటింట్లోంచి. కొత్తది తెచ్చి బిగించేదాకా ఉత్తరం పక్కన పెట్టాను. కరెంటు బిల్లు వచ్చే తేదీల మీద గోడ క్యాలెండరులో ఎర్ర సిరాతో గుర్తులు పెట్టాను, ఇకపై ఆ రోజున నొక్కాలని. అయితే మీట పనిచేసినంత మాత్రాన ఎర్తింగు బాగున్నట్టు కాదు. ఆ పరీక్ష వేరు, దానికి వేరే పరికరం కావాలి.

ఇక నా మనవి. ఈసారి ఎక్కడైనా మంట లేచినప్పుడు మీ విలేకరిని బోర్డు దాకా వెళ్లమనండి. ఫ్యూజా, ఎంసీబీయా, అది పడిపోయిందా, పడిపోకపోతే లోపల ఉన్నది ఏ తీగ, అక్కడ ఆర్‌సీసీబీ ఉందా, డైరెక్ట్ చేశారా అని అడిగి, తెలిసింది రాయమనండి. ఏదీ తెలియకపోతే కారణం తెలియదని రాయండి, అది అబద్ధం కన్నా నయం. కరెంటు వల్ల మనిషికో పశువుకో ప్రాణహాని జరిగితే విద్యుత్ ఇన్‌స్పెక్టరు చేత విచారణ జరిపించి నివేదిక తెప్పించుకునే అధికారం 2003 విద్యుత్ చట్టం 161వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. నేను మీ పేజీలో చావు వార్తలు చూస్తున్నాను గానీ ఆ నివేదికల్లో ఏముందో ఇంతవరకు చదవలేదు. దండెం దగ్గర పోయిన ఆ అమ్మ విషయంలో విచారణ జరిగిందా, ఏం తేలింది అని ఒక నెల ఆగి అడిగి వేయండి. పావు కాలమ్ చాలు.

నాలుగు కత్తిరింపులూ జతచేస్తున్నాను. ఒక్కోదాని వెనక నా ప్రశ్నలు పెన్సిలుతో రాశాను. ఏసీ వార్త వెనక సినిమా ప్రకటన నల్లగా పడింది, అక్షరాలు కనిపించకపోతే దీపం కిందికి ఏటవాలుగా పెట్టి చూడగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రిలే టెస్టరు
(పేరు ప్రచురించవద్దని మనవి)