అన్నం తెల్లగా ఉంది బావా

నిషి కసాయి, టోక్యో
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టెయ్. నీ ఉత్తరం ఉగాదికి వచ్చింది, ఇప్పుడు ఇక్కడ వానాకాలం మొదలైంది. రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈ రోజు మాత్రం రాయకపోతే నిద్ర పట్టదు. కాయిన్ లాండ్రీలో కూర్చుని రాస్తున్నా. ఈ వానలకి ఇంట్లో బట్టలు ఆరడం లేదు. డ్రయ్యర్లో 40 నిమిషాలకి డబ్బులు వేశాను, ఆ టైము నీదే.

మేమంతా బాగున్నాం. మా ఆవిడ ఆఫీసు మారింది. పాపకి ముందుపళ్లు రెండూ ఊడాయి. అమ్మకి బీపీ పర్వాలేదట. నీ కొత్త ఫ్లెక్సీ మెషీన్ ఫొటో చూశాను, చాలా బాగుంది, దాని గురించి ఇంకోసారి రాస్తా. వార్తలు అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. బావా, అన్నం తెల్లగా ఉందిరా!

మన స్పిరిటెడ్ అవే సినిమాలో ఆవకాయ ముద్ద. గుర్తొచ్చిందా? ఆ పిల్ల చిహిరో పందులైపోయిన అమ్మానాన్నల్ని కొట్టంలో చూసి బయటికొచ్చి తోటలో కూలబడుతుంది, ఆమెకి సాయపడే హకు పక్కన కూర్చుని అన్నం ముద్ద చేతిలో పెడతాడు, అది తింటూ తింటూ గుక్కపట్టి ఏడుస్తుంది. కాకినాడ హాస్టల్లో ఆ సీను చూసి నువ్వేమన్నావు? "ఎవరో ఆవకాయ కలిపిన చెయ్యి కడుక్కోకుండా కట్టిన ముద్దరా అది, చూడు ఎలా ఎర్రబడిందో" అన్నావు. ఆ రోజు నుంచీ మనకి అది ఆవకాయ ముద్ద సీనే. మెస్సులో అన్నం పెట్టించుకుంటూ నువ్వు హకులా మొహం పెట్టేవాడివి.

బావా, ఆ ముద్దకి ఆవకాయ లేదు. తెల్లటి అన్నం అది. మల్లెపువ్వులా ఉంది.

ఉండు, వరసగా చెప్తా.

మొన్న శనివారం పాపకి జ్వరం తగ్గి నీరసంగా పడుకుంది. దెయ్యాల స్నానాల సినిమా పెట్టు నాన్నా అంది. ఈ సినిమా ఇక్కడ నెట్‌ఫ్లిక్స్‌లో ఉండదు. మీకు 2020 నుంచీ ఉంది కానీ పుట్టిన దేశంలో మాత్రం లేదు. టీవీలో శుక్రవారం రాత్రి వేసినప్పుడు చూసుకోవాలి, లేదంటే డిస్కు కొనుక్కోవాలి. మా ఇంట్లో టీవీ చానెళ్లు పెట్టించుకోలేదు. కాబట్టి ఇన్నేళ్లుగా మా ఇంట్లో ఆడేది నీ డిస్కే. రాజమండ్రి స్టేషన్లో రైలు కదిలాక చేతిరుమాల్లో చుట్టి కిటికీ ఊచల్లోంచి ఇచ్చావే, అది. సీనియర్ అన్న జపాన్ నుంచి తెచ్చిన డిస్కు. దాన్ని చూడటానికి మన రూము కంప్యూటర్లో రీజియన్ (ఏ దేశపు డిస్కులు ఆడాలో చెప్పే సెట్టింగు, ఐదుసార్లే మార్చనిస్తుంది) మార్చీ మార్చీ ఐదో ఛాన్సు కూడా వాడేశాం కదా! ఓకే నొక్కబోయే ముందు ఇద్దరం ఎంతసేపు గొడవపడ్డామో. ఇది నొక్కితే ఈ డ్రైవు జీవితాంతం జపానుదే అన్నావు. నొక్కింది నువ్వే.

ఆ డిస్కు మొన్న సరిగ్గా ఆవకాయ ముద్ద దగ్గర ఆగిపోయింది. తుడిచాను, మళ్లీ పెట్టాను, అక్కడే ఆగింది. గీత పడిపోయింది బావా. నాకు ఎంత బాధేసిందో చెప్పలేను. పాప ఏడుపు మొదలెట్టింది. గొడుగేసుకుని నకానో వెళ్లి, పాత డిస్కులు అమ్మే కొట్లో వెతికి బ్లూ-రే పట్టుకొచ్చాను. ఇది ఇక్కడ 2014 జూలైలో వచ్చింది. మనది 2002 జూలై 19న వచ్చిన మొదటి డీవీడీ.

ఇంటికొచ్చి పెట్టాను. పాప కళ్లార్పకుండా చూస్తోంది, నేను వంటింట్లో చారు పెడుతున్నా. ఉన్నట్టుండి అరిచింది, "నాన్నా, అన్నం తెల్లగా ఉంది!" అని.

గరిటె పట్టుకునే వచ్చాను. నిజంగానే తెల్లగా ఉంది. హకు చొక్కా తెల్లగా ఉంది. వెనక ఆకులు మన గోదావరి లంకల్లో ఉన్నంత పచ్చగా ఉన్నాయి. సినిమా ఆపి మొదటికి వెళ్లాను. కారు వెనక సీట్లో పువ్వుల గుత్తి పట్టుకుని పడుకుంటుంది కదా, ఆమె టీషర్టులో తెలుపు కూడా తెలుపే. టీవీలో ఏదో తేడా అంటావని నీ డిస్కు మళ్లీ అదే ప్లేయర్లో, అదే టీవీలో పెట్టాను. అదే కారు, అదే అమ్మాయి, అంతా గులాబీ రంగు పులిమినట్టుంది. మళ్లీ కొత్తది, మళ్లీ పాతది. ఆరేడుసార్లు మార్చి చూశాను. నీకు ఒక్క మాటలో చెప్పాలంటే, మెజెంటా ఎక్కువైన ఫ్లెక్సీ! పెళ్లికొడుకు మొహం ఎర్రగా వచ్చిందని జనం నీ షాపుకొచ్చి కొట్లాడతారే, అచ్చం అలాగే.

సోమవారం ఆఫీసులో మా టీములో పెద్దాయన్ని అడిగాను. ఆయన నవ్వి, "ఓ, అకై" అన్నాడు. ఎరుపు అని. ఇక్కడ ఆ వయసు వాళ్లకి ఇది తెలిసిన గొడవేనట. సినిమా 2001 జూలై 20న విడుదలై థియేటర్లలో 3,000 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. అంటే కోట్ల మంది కళ్లలో అసలు రంగు ఇంకా తాజాగానే ఉంది. ఏడాది తిరిగేసరికి డిస్కు ఇంటికి తెచ్చుకుని చూస్తే ఆకాశం కూడా ఎర్రబారి కనిపించింది. ఆ పెద్దాయన ఇంట్లో టీవీయే పాడైందనుకుని వాళ్ల నాన్న మెకానిక్‌ని పిలిపించాడట. జనం గట్టిగా అడిగితే, ఇది పొరపాటు కాదు, కావాలనే రంగులు అలా సరిచేశాం అని డిస్కు వేసిన కంపెనీ నుంచి జవాబు వచ్చిందట. కొందరు ఊరుకోక క్యోటోలో కోర్టుకి కూడా వెళ్లారు, చివరికి రాజీ కుదిరింది. బ్లూ-రేలో ఆ ఎరుపు పోయింది.

నువ్వు చెప్పు బావా, రోజూ రంగులతో బతికేవాడివి. కావాలని అలా చేస్తారా ఎవరైనా? ఒక్కో టీవీలో తెలుపు ఒక్కోలా ఉంటుంది, కొన్ని నీలం వైపుకి లాగుతాయి, దాన్ని తట్టుకోవడానికి ముందే కొంచెం ఎరుపు కలిపారేమో అనిపించింది నాకు. కానీ అంత ఎరుపా? నాకైతే అన్యాయం అనిపిస్తోంది. ఈ సినిమాకి రంగులు నిర్ణయించినావిడ యసుదా మిచియో. దర్శకుడు మియజాకీ కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ ఆయనతో పనిచేసిన మనిషి. 2016లో పోయారు. ఒక్కో చొక్కాకి, ఒక్కో మేఘానికి, పగలైతే ఈ తెలుపు, నీడలో అయితే ఈ తెలుపు అని కూర్చుని ఎంచిన మనిషి ఆవిడ. ఆ తెల్లటి అన్నం కూడా ఎవరో ఆలోచించి పెట్టిన రంగే కదా. తల్లిదండ్రులు పందులైపోయి, పేరు కూడా పోయి, ఏమీ మిగలని పిల్ల చేతిలో పెట్టిన ముద్ద అది. అది తెల్లగా ఉంటేనే...

సరే, ఇక అసలు భయం. నీ సిద్ధాంతం సంగతేంటి?

గుర్తుందిగా? డాబా మీద తెల్లారేదాకా వాదించావు. స్నానాల ఇంటి దీపాల వెలుగు మొదటి సీను నుంచే వాళ్ల మీద పడుతోంది, కారులో ఉండగానే ఆ లోకం వాళ్లని పట్టేసింది, అందుకే అంతా ఎర్రగా ఉంది, అది దర్శకుడు పెట్టిన సైగ అన్నావు. నేను కాదన్నాను. ఓడిపోయాను. ఆ తర్వాత నేనూ నమ్మాను బావా. ఇన్నేళ్లూ నమ్మాను. మా ఆవిడకి చెప్పాను, పాపకి చెప్పాను, ఆ పెద్దాయనకి కూడా మూడేళ్ల క్రితం చెప్పాను. ఆయన అప్పుడు మర్యాదకి ఏమీ అనలేదని ఇప్పుడు అర్థమైంది.

కొత్త డిస్కులో పగలు పగల్లాగే ఉంటుంది. మామూలు ఎండ, మామూలు రోడ్డు, మామూలు కారు. సొరంగం దాటి, పొద్దువాలి, దీపాలు ఒక్కొక్కటీ వెలుగుతాయి చూడు, అప్పుడు వస్తుంది ఎరుపు. నిజంగా వస్తుంది. నా ఒళ్లు జలదరించింది. పాత డిస్కులో మనకి ఆ మార్పే తెలియలేదు బావా, ముందు నుంచీ ఎర్రగానే ఉంది కదా. నీ సిద్ధాంతం తప్పు కాదు, ఒక అరగంట ఆలస్యంగా నిజమైంది. నా మాట నమ్ము, ఇది నీకోసం చెప్పడం లేదు.

రైలు సీను మాత్రం రాయలేను. నీళ్ల మీద పట్టాలు, పక్కన ముఖం లేనివాడు, ఒళ్లో ఎలుక. మనకి ఆ సముద్రం ఎప్పుడూ దుమ్ము పట్టినట్టుండేది. ఇప్పుడు నీలం. ఆకాశం ఎక్కడ ఆగిందో నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలియనంత నీలం. పాప నిద్రపోయింది, నేను ఒక్కణ్ణే చూశాను, రాత్రి ఒంటిగంటకి. చూసి చాలాసేపు కూర్చున్నాను. సంతోషమే. కానీ వెంటనే నీ డిస్కు తీసి చేతిలో పట్టుకున్నాను. మనం చూసింది ఆ ఎర్ర సినిమా కదా బావా. నువ్వూ నేనూ ఆ మంచం మీద, ఫ్యాను చప్పుడులో... అదిక ఆవకాయ ముద్ద దాకానే ఆడుతుంది. దాన్ని పారెయ్యను. నీ చేతిరుమాల్లోనే పెట్టాను, అది కూడా దాచుకున్నా, నీకు తెలీదు.

సినిమా మొదట్లో చిహిరో పట్టుకున్న పువ్వులు, ఆమె వదిలి వచ్చిన స్నేహితురాలు ఇచ్చినవి కదా. వాటితో వచ్చిన కార్డు మీద పేరు చూసుకునే తర్వాత తన పేరు గుర్తు తెచ్చుకుంటుంది. ఇన్నిసార్లు చూసినా నాకు ఇది మొన్ననే తట్టింది. నువ్వు నాకు పువ్వులు ఇవ్వలేదురా, డిస్కు ఇచ్చావు.

ఈ బ్లూ-రే నీకు పంపుదామంటే ఇక్కడి రీజియన్ వేరు, అక్కడి ప్లేయర్లో ఆడదు. ఈసారి ఐదు ఛాన్సులు కూడా లేవు. అందుకని నువ్వు నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టుకో. ఫోన్లో వద్దు, షాపులో పెద్ద మానిటర్ ఉంది కదా, రంగులు సరిచేసుకునేది, దాని మీద చూడు. షట్టరు దించేశాక చూడు. అన్నం ముద్ద దగ్గర ఆపి, నీ మెషీన్‌లో తెలుపు పక్కన పెట్టుకుని ఎలా ఉందో నాకు రాయి. అరె, ఇంకోటి చెప్పాలి, పాప సినిమాలో బొగ్గుకొట్టు తాత గది నిజంగా ఉందా అని అడిగితే కొగనేయిలో ఒక మ్యూజియం ఉందట, పాత ఇళ్లన్నీ అక్కడ కట్టిపెట్టారు, ఆ సొరుగుల గోడ మియజాకీ అక్కడే చూసి

డ్రయ్యర్ ఆగిపోయింది బావా, వెనక ఒకావిడ బుట్ట పట్టుకుని నిలబడింది. మిగతాది తర్వాత. ముందు ముద్ద చూడు.

నీ
ఐదో ఛాన్సు