కాంప్లెక్స్ చుట్టూ స్థలాలను ముక్కలు చేయకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖ మెట్రో అనగానే స్తంభాలు, డబుల్ డెకర్ ఫ్లైఓవర్లు, కోట్ల లెక్కలే వినిపిస్తున్నాయి. మొదటి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు, అంచనా 11,498 కోట్ల రూపాయలు. రైలు దిగిన మనిషి ఎటు నడవాలి, స్టేషన్ చుట్టూ ఏం కట్టాలి, ఎవరి కోసం కట్టాలి అన్న చర్చ మాత్రం జరగడం లేదు. నా బెంగంతా దాని గురించే.

ప్రతిపాదన ప్రకారం గురుద్వారా–పాత పోస్టాఫీసు లైను, తాటిచెట్లపాలెం–చినవాల్తేరు లైను రెండూ ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే ఊరి ప్రధాన బస్టాండు దగ్గర కలుస్తాయి. అక్కడి నుంచి ఇటు రైల్వే స్టేషన్, అటు పూర్ణామార్కెట్ దాకా ఆర్టీసీవి, రైల్వేవి, నగరపాలక సంస్థ జీవీఎంసీవి, ఇంకా రకరకాల ప్రభుత్వ శాఖల స్థలాలు ఉన్నాయి. పాతబడిన క్వార్టర్లు, తాళం తీయని షెడ్లు, ప్రహరీ వెనక పిచ్చిమొక్కలు రోజూ చూస్తూనే ఉన్నాం. వీటిని ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఏ శాఖకా శాఖ లీజుకిచ్చేస్తే ఒకచోట మాల్ లేస్తుంది, పక్కన పార్కింగ్ టవర్ వస్తుంది, ఆ పక్కన మళ్లీ గోడే. మెట్రో వచ్చాక ఆ గోడల మధ్య దారి ఎక్కడ వెతుక్కుంటాం?

కాంప్లెక్స్ నుంచి రైల్వే స్టేషన్‌కి ఒక్కసారి నడిచి చూడమని అధికారులను కోరుతున్నాను. ఆట్టే దూరం కాదు. బళ్లకైతే తెలుగుతల్లి ఫ్లైఓవర్ ఉంది. కింద నడిచేవాళ్లకి ఫుట్‌పాత్ ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ దగ్గర ఆగిపోతుంది, ఇంకోచోట షాపు మెట్ల కింద మాయమవుతుంది. కాలువ పలక విరిగిన చోట రోడ్డు మీదికి దిగక తప్పదు. పార్వతీపురం బస్సు దిగి రైలందుకోవాలనుకునే కుటుంబం నెత్తిన మూట, చంకన పిల్లతో ఆ దారిన నడవలేక ఆటోవాడు అడిగినంతా ఇచ్చుకుంటోంది. పాడేరు, అరకు నుంచి కేజీహెచ్ ప్రభుత్వాసుపత్రికి వచ్చే రోగుల అవస్థా ఇదే. మెట్రో ముందుగా అక్కరకు రావాల్సింది వీళ్లకే కదా!

ఇందుకు కొత్తగా ఎవరూ కనిపెట్టాల్సిందేం లేదు. ట్రాన్సిట్ ఓరియెంటెడ్ డెవలప్‌మెంట్, అంటే స్టేషన్‌ని ఆనుకుని ఊరిని పెంచడం, అనే పేరుతో కేంద్రం 2017లోనే ఒక జాతీయ విధానం ఇచ్చింది. స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్ల లోపు, అంటే పది పన్నెండు నిమిషాల నడకలో, ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు కలగలిసి ఒత్తుగా రావాలి. నడకకి, సైకిలుకి పెద్దపీట వేయాలి. కారు పార్కింగ్ తగ్గించాలి. భూమి ధర పెరిగితే అందులో కొంత మళ్లీ రవాణాకే రావాలి. కట్టేదాంట్లో కనీసం 30 శాతం సామాన్యులు కొనుక్కోగల ఇళ్లుండాలి.

ఈ చివరి మాట దగ్గరే నేను పట్టుపడుతున్నాను. పూర్ణామార్కెట్‌లో చీకటితో లారీలు దించే కళాసీలు, డాబాగార్డెన్స్ షాపుల్లో రాత్రి దాకా నిలబడి పనిచేసే అమ్మాయిలు, ఆసుపత్రి ఆయాలు... వీళ్లందరి పనీ ఊరి మధ్యలోనే. ప్రభుత్వం ఇల్లిస్తే మాత్రం శివార్లలో ఇస్తోంది. తెల్లవారుజామున మూడింటికి మార్కెట్‌లో ఉండాల్సిన మనిషికి ఆ వేళ ఏ బస్సు దొరుకుతుంది? మెట్రో అయినా ఆ టైముకి తిరగదు. అతనికి కావలసింది నడిచి వెళ్లే దూరంలో ఒక చిన్న ఇల్లు. ప్రభుత్వ స్థలంలో కూడా అది కట్టలేకపోతే ప్రైవేటు స్థలంలో ఎవరు కడతారు?

మెట్రోకి డబ్బు కావాలి కాబట్టి స్థలాలు అమ్మక తప్పదనే వాదన ఉంది. రైలు రాకముందే అమ్మేస్తే, రైలు వల్ల పెరిగే ధర కొన్నవాడికి పోతుంది. భూమి ప్రభుత్వం పేరునే ఉంచి దీర్ఘకాలం లీజుకిస్తే ఏటా ఆదాయం వస్తుంది. అలాగే ఎత్తు కట్టడాలకి అనుమతులిచ్చే ముందు వాన నీళ్లు పారే గెడ్డల సంగతి తేల్చాలి. గట్టి వాన పడితే జ్ఞానాపురం అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచిపోతున్నాయి. పైనున్న అసిల్‌మెట్టలో ఇంకా సిమెంటు పరిస్తే ఆ నీళ్లు ఎటు పోవాలి?

కేంద్రం నగరాల కోసం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం రోజుల్లో పెందుర్తి, సింహాచలం దారుల్లో బస్సులకే ప్రత్యేక దారి ఉండే బీఆర్‌టీఎస్ అన్నారు. చివరికి రోడ్లు మిగిలాయి గాని, చెప్పిన బస్సు వ్యవస్థ రాలేదు. ఆ పొరపాటు మళ్లీ జరగకూడదు.

అందుకే జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, మెట్రో కార్పొరేషన్, ఆర్టీసీ, రైల్వే కలిసి కూర్చుని ఈ ప్రాంతమంతటికీ ఒకటే ప్లాను గీయాలి. అది ఖరారయ్యేదాకా ఒక్క సెంటు కూడా లీజుకివ్వకూడదు. ప్లానును తెలుగులో, మ్యాపుతో సహా వార్డు సచివాలయాల్లోనూ కాంప్లెక్స్ ప్లాట్‌ఫారాల మీదా పెట్టాలి. అభిప్రాయ సేకరణ ఏసీ హాల్లో కాకుండా పూర్ణామార్కెట్ దగ్గరే, మార్కెట్ సద్దుమణిగాక మధ్యాహ్నం పూట జరపాలి. కళాసీలు, చిన్న వర్తకులు రాగలిగేది అప్పుడే.

– ఒక పాఠకురాలు,
అల్లిపురం, విశాఖపట్నం